భాగించినా గుణించినా నూట పదే

రండి బిడ్డలారా, ఇట్లా దగ్గరికి జరగండి. గచ్చు చల్లగా ఉంటే ఆ బొంత మడిచి వేసుకొని కూర్చోండి. నా గొంతు ఇదివరకటిలా గడప దాటి పోదు. చెప్పబోయేదేమో చలికాలపు సంగతి. దగ్గరగా ఉంటే మీకూ వెచ్చన, నాకూ వెచ్చన.

నిన్న మా చిన్న మనవరాలు పరీక్షకు చదువుకుంటూ, వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవరు అని వల్లె వేస్తోంది.

"గా ముక్క నాకు సుత ఎరుకే" అన్నాను.

అది పుస్తకం దించి నా ముఖం చూసింది. "నీకెట్ల ఎరుక అమ్మమ్మా? నువ్వు సదివింది రెండో తరగతేనాయె."

రెండో తరగతి కూడా పూర్తిగా కాదు. మధ్యలో చెల్లెలు పుడితే ఉయ్యాల ఊపడానికి నన్ను బడి మాన్పించారు. ఆ ముక్క నేను పుస్తకంలో నేర్వలేదు. పిడికెడంత పసికందును రొమ్ముకు హత్తుకొని, దాని కాళ్లు చల్లబడతాయేమోనని భయపడుతూ నేర్చుకున్నాను. అట్లా నేర్చిన చదువు మరుపుకు రాదు.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. వరంగల్లులో ఒక చిన్న మిషను దవాఖాన ఉండేది. ఇప్పుడు లేదు, ఆ జాగాలో దుకాణాలు లేచాయి. అందులో కాన్పుల వార్డులో నేను ఆయాను. గుడ్డలు ఉడకబెట్టడం, నీళ్లు కాచడం, పిల్లలను తుడవడం, ఏడ్చే తల్లుల దగ్గర కూర్చోవడం నా పని. వార్డును చూసుకునే సిస్టరమ్మ వరంగల్లు కాశిబుగ్గ పిల్లే. నర్సింగు చదివి వచ్చింది. వయసులో నాకంటే చిన్నదైనా దుప్పటి మడత దగ్గర కూడా పొల్లు పోనిచ్చేది కాదు. అందరి మీదా డాక్టరమ్మ. ఆమె సగం రోజులు దవాఖానలో, సగం రోజులు ఊళ్ల మీద ఉండేది. కష్టపు కాన్పు అని ఏ ఊరి నుంచి కబురొచ్చినా సంచి పట్టుకొని బండెక్కేది.

ఇంకొకాయన ఉన్నాడు. ఈ కథంతా ఆయనదే అనుకోండి. కరెంటు మేస్త్రీ. మేమంతా మేస్త్రన్న అనేవాళ్లం. మిల్లులో పని నేర్చి మా దగ్గరికి వచ్చాడు. దవాఖాన వెనక రేకుల షెడ్డులో ఒక నూనె ఇంజను, దానికి పట్టా వేసి తిప్పే డైనమో ఆయన రాజ్యం. ఇంజనుతో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. మనుషులతో మాత్రం అంత మాట్లాడేవాడు కాదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం మా దగ్గర ఒక వెచ్చని పెట్టె ఉండేది. అది ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిందేమీ కాదు. చాయపత్తి వచ్చే పెద్ద చెక్కపెట్టెను వడ్లాయన చెక్కి, ఒక పక్క అద్దం బిగించి, గాలికి బెజ్జాలు పెట్టి ఇచ్చాడు. కింది అరలో మేస్త్రన్న తీగచుట్ట ఒకటి పింగాణీ గుబ్బల మీద బిగించాడు. డైనమో కరెంటు అందులో పారితే తీగ కాగేది. దాని మీద రేకు, రేకు మీద నీళ్ల పళ్లెం, ఆ పైన మెత్తటి పరుపు, పరుపు మీద బిడ్డ. మేస్త్రన్న ముందుచూపు ఉన్నవాడు. యుద్ధం రోజుల్లో తీగ దొరకదని, మొదట్లోనే అదే తీగతో అంతే పొడవున రెండో చుట్ట కూడా చుట్టి షెడ్డులో మేకుకు తగిలించి ఉంచాడు.

పెట్టె ఎంత వేడి ఉందో చూసే గాజుపుల్ల ఒకటి ఉండేది. అది పగిలింది. మళ్లీ తెప్పిద్దామంటే ఓడలు రావడం లేదన్నారు. జ్వరం చూసే పుల్లలు ఆ పనికి రావు. అప్పుడు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. చిన్న మందుసీసాలో పేరిన నెయ్యి పోసి పెట్టెలో బిడ్డ తల దగ్గర ఉంచేవాళ్లం. నెయ్యి గట్టిగా తెల్లగా ఉంటే వేడి చాలలేదు. పూర్తిగా కరిగి నీళ్లలా తేరిపోతే వేడి మించింది. సగం కరిగి, సగం గింజ గింజగా, వంచితే బద్ధకంగా జారుతూ ఉంటే బిడ్డకు హాయి. డాక్టరమ్మ మొదట నవ్వింది గానీ, తన వేలితో ఒకసారి పెట్టె లోపల చూసుకొని, "కానివ్వండి" అంది.

షెడ్డులో ఒక చెక్కమీద కరెంటును కొలిచే సూది గడియారాలు రెండు ఉండేవి. నేను నూనె డబ్బా ఇవ్వడానికి పోయినప్పుడు మేస్త్రన్న మంచి మనసులో ఉంటే చెప్పేవాడు.

"ఇగ చూడు చెల్లె. ఈ సూది ఒత్తిడి చెప్తది, దీన్ని వోల్టులంటరు. నూట పది. ఆ సూది ఎంత పారుతాందో చెప్తది, ఆంపియర్లు. పెట్టెకు ఒక్కటి పోతాంది. ఒత్తిడిని పారేదానితోని భాగిస్తే తీగ ఎంత అడ్డం పడుతాందో ఎరుకైతది. నూట పదిని ఒకటితోని భాగిస్తే ఎంత?"

"నూట పది."

"మంచిది. గదే ఒత్తిడిని పారేదానితోని గుణిస్తే ఎంత కాక పుడుతాందో ఎరుకైతది. నూట పదిని ఒకటితోని గుణిస్తే?"

"నూట పదే గదన్నా. భాగించినా గుణించినా నూట పదే అయితే ఇగ రెండు లెక్కలెందుకు?"

ఆయన నవ్వి, "మన పెట్టెకు ఒక్క లెక్క చాలు తియ్యి" అన్నాడు. మా అందరికీ అదే అలవాటైంది. పెట్టె ఎట్లా ఉందంటే నూట పది. సూది ఎక్కడుందంటే ఒకటి. ఒకటితో లెక్క కాబట్టి నాలాంటిది కూడా పట్టుకోగలిగింది. ఆ సుఖమే మమ్మల్ని ఒకరోజు బావి అంచుదాకా తీసుకుపోయింది.

ఆ చలికాలం కొత్తవాడ నుంచి ఒక జంపఖానాలు నేసే ఇంటి కోడలు కాన్పుకు వచ్చింది. నొప్పులు ముందే వచ్చాయి. ఆడపిల్ల. నా రెండు అరచేతులు కలిపితే అందులో పట్టేంత. ఏడిస్తే పిల్లికూన మూలిగినట్టు వినబడేది. తల్లికి జ్వరం తగిలి, వణుకుతూ మంచం మీద పడి ఉంది. వెంట వచ్చింది అత్త. బక్కపలచని ముసలవ్వ, మాట మాత్రం పలచన కాదు.

ఆ ఇంట్లో అంతకుముందు ఇద్దరు పిల్లలు ఇట్లాగే తొందరపడి పుట్టి, నిలవకుండా పోయారు. ఇంట్లోనే పుట్టారు, కుంపటి పక్కన వెచ్చగా పడుకోబెట్టుకున్నారు. ఒకటే గది, అందులోనే మగ్గం, అందులోనే కుంపటి పొగ. ఈసారి కొడుకు పట్టుబట్టి దవాఖానకు తెచ్చాడు. ముసలవ్వ వార్డు తలుపు దగ్గర గోడకు ఆనుకొని కూర్చునేది. బిడ్డ ముఖం మాత్రం చూసేది కాదు. చూస్తే మనసు పడుతుందని భయం. నేను ఒకసారి, "చూడరాదా అవ్వా, మంచిగ పండుకున్నది" అంటే, "నువ్వు చూడు బిడ్డా, నీకు జీతమిస్తాండ్రు" అంది.

పెట్టెలో పడుకోబెట్టేటప్పుడే ఆమె సిస్టరమ్మతో మాట తీసుకుంది. "మీ పెట్టె నడిచినన్ని రోజులు ఉంచుకోండ్రి. నడవకపోతే నా పిల్లను నేను తీస్కపోత. మా ఇంట్ల కుంపటి ఉన్నది." సిస్టరమ్మ సరేనంది. ఆ ఇంజను ఆగుతుందని ఆమె అనుకోలేదు.

ఇంజను ఆగింది. మంచు దట్టంగా పడిన ఒక పొద్దున, పెద్ద చప్పుడు చేసి ఊరుకుంది. ఇంజను తల చీలిందన్నాడు మేస్త్రన్న. షెడ్డు నుంచి వార్డు దాకా నడిచి వచ్చి ఆ మాట చెప్పేటప్పుడు, సొంత ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది ఆయన ముఖం. డాక్టరమ్మ ఊరి మీదికి పోయి ఉంది, సాయంత్రం దాకా రాదు.

సిస్టరమ్మ బిడ్డను పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చింది. "అక్కా, నీ ఒళ్లు మంచిగ వెచ్చగుంటది. రైక లోపల పెట్టుకో, పైన కంబళి కప్పుకో. కదలకు."

బిడ్డ ఒళ్లు నా ఒళ్లుకు తగిలితే ఎంత తేలికంటే, రొమ్ముల మధ్య పక్షి ఈక పెట్టినట్టుంది. గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది. నేను పెట్టె పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఒక మనిషి ఒళ్లు కాసేపు సరిపోతుంది. ఎల్లకాలం సరిపోదు. వార్డులో ఇంకా ముగ్గురు బాలింతలున్నారు, నీళ్లు కాచేది నేనే.

ముసలవ్వ లేచి నిలబడింది. "మీ పెట్టె సచ్చింది. ఇగ నా పిల్లను నాకియ్యుండ్రి. మా కుంపటి ఏ ఇంజను సచ్చినా సావది." కొడుకును బయట జట్కా మాట్లాడమంది. జట్కా వచ్చి గేటు దగ్గర ఆగింది కూడా.

మంచం మీది నుంచి కోడలు, అప్పటిదాకా నోరెత్తని పిల్ల, "అత్తా, జర ఆగు" అంది. అంతే. ఆ ఒక్క మాటకు ముసలవ్వ ఆగింది గానీ కూర్చోలేదు.

అప్పుడు సిస్టరమ్మకు గుర్తొచ్చింది. ముందు గదికి ఊరి కరెంటు కొత్తగా వచ్చింది. డాక్టరమ్మ బల్ల మీద ఒక దీపం, పైన ఒక పంకా దాంతో నడుస్తాయి.

"మేస్త్రన్నా, గా కరెంటు పెట్టెకు కలుపరాదా?"

"కలుపచ్చు గని, మన డైనమోది నూట పది. ఊరి కరెంటు రెండు వందల ఇరవై. ఒత్తిడి రెండింతలు. ఈ తీగకు పెడితే రెండాంపియర్లు పారి కాలి బూడిదైతది."

"మరి?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. షెడ్డు వైపు చూశాడు. ఒక్కసారి ముఖం వెలిగింది. "రెండో చుట్ట ఉన్నది గద. రెండింటిని తోకకు తల కట్టి కలిపేస్త. ఒత్తిడి రెండింతలు, అడ్డం సుత రెండింతలు. పారేది ఒక్కటే ఆంపియరు. ఇగ ఫికర్ లేదు."

పరుగున పోయి మేకు మీది చుట్ట తెచ్చాడు. కింది అరలో మొదటి చుట్ట పక్కనే రెండోది కూడా బిగించాడు. ముందు గది నుంచి తార్లు లాగాడు. షెడ్డులోని చెక్క మీద నుంచి ఆంపియరు సూది ఊడదీసి తెచ్చి మధ్యలో కలిపాడు. వోల్టు సూది మాత్రం తేలేదు. అది డైనమోకు సరిపడేది, ఊరి కరెంటు ఒత్తిడికి దాని ముఖం చాలదు. అందుకని దాన్ని షెడ్డులోనే వదిలేశాడు. ఆ సూది కూడా కళ్ల ముందు ఉండి ఉంటే సంగతి వేరేగా ఉండేదేమో.

స్విచ్చి వేశాడు. సూది లేచి, కొంచెం వణికి, ఒకటి దగ్గర నిలిచింది.

"చూసిండ్రా సిస్టరమ్మా? నిన్న ఒకటే, ఇయ్యాల ఒకటే. అడ్డం రెండు వందల ఇరవై. లెక్క లెక్కే."

మాకు ప్రాణం లేచి వచ్చింది. సిస్టరమ్మ వెంటనే బిడ్డ కోసం చేయి చాచబోయి, ఆగి, "పద్ధతి పద్ధతే. నెయ్యి చూద్దాం" అంది. సీసాలో కొత్తగా పేరిన నెయ్యి పోసి పెట్టెలో పెట్టి తలుపు మూసింది.

నేను అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. తెల్లటి నెయ్యి అంచుల దగ్గర మెత్తబడింది. మంచిదే. తర్వాత పసుపు రంగు తేలింది. నేను ఇంకా ఊపిరి పీల్చుకుంటుండగానే గింజ అన్నది లేకుండా నీళ్లలా తేరిపోయింది.

"సిస్టరమ్మా, నెయ్యి పూర్తిగ కరిగింది."

సిస్టరమ్మ వచ్చి సీసా వంచి చూసింది. మేస్త్రన్న సూది వైపు చూశాడు. ఒకటి. కదలలేదు.

"నెయ్యిల లోపముంటది" అన్నాడు.

ఇక చూడండి, వార్డంతా నెయ్యి మీద పడింది.

"ఎవ్వరింటి నెయ్యి తెచ్చినవ్ అక్కా?"

"రోజూ పాలుపోసే ఆమెనే ఇచ్చింది."

"ఆవుదా, బర్రెదా?"

"బర్రెదని చెప్పి అమ్ముతది. లోపలేమున్నదో దేవునికెరుక."

"గందుకే" అన్నాడు మేస్త్రన్న. "అది నూనె కలుపుతాంది. నా సూదికి కల్తీ లేదు."

పక్క మంచం బాలింత, "మా ఇంటికాడి నుంచి వచ్చిన నెయ్యి ఉన్నది, ఇయ్యమంటే ఇస్త" అంది. అది తెచ్చి పోశాం. అది ఇంకా తొందరగా కరిగింది, ఎందుకంటే పెట్టె అప్పటికే కాగి ఉంది. మూడో నెయ్యి కోసం మనిషిని పంపుదామా అని కూడా అనుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఊళ్లో ఉన్న బర్రెలన్నిటినీ అనుమానించాం గానీ, ఆ సూదిని ఒక్కరమూ అనుమానించలేదు. సూది నిజమే చెబుతోంది. అడిగినదానికే జవాబు చెబుతోంది, అంతే. మేము అడగవలసినది అది కాదు.

ఈలోపు నా రొమ్ముల దగ్గర బిడ్డ పాదాలు నా వేళ్లకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. నేను వాటిని గుప్పిట్లో పెట్టుకున్నాను.

ముసలవ్వ ఒక అడుగు ముందుకేసింది. "ఇప్పటిదాంక సల్లగయిందని ఏడ్చిండ్రు, ఇప్పుడు వేడెక్కిందని ఏడుస్తాండ్రు. మీరు నెయ్యి కాసుకోండ్రి. నేను పోత. తే బిడ్డా." నా కంబళి అంచు పట్టుకుంది.

నేను బిడ్డను మరింత దగ్గరికి అదుముకున్నాను. ఇయ్యనని అనే హక్కు నాకు లేదు. ఆమె నానమ్మ, నేను ఆయాను. సిస్టరమ్మ కూడా మాట ఇచ్చి ఉంది. ఆమె మేస్త్రన్న వైపు తిరిగింది. పెట్టెలోంచి కాగిన చెక్క వాసన వస్తోంది. "మేస్త్రన్నా, నిజం చెప్పు. బిడ్డను పెట్టమంటవా, వద్దంటవా? నీ మాట మీద పెడత."

ఆ మాట ఆయనకు సూదిలా గుచ్చుకున్నట్టుంది. పీట లాక్కొని కూర్చొని, వేళ్లు మడుస్తూ, మమ్మల్ని ఒప్పించడానికే లెక్క మొదటి నుంచి చెప్పసాగాడు.

"జర ఇనుండ్రి. నిన్నటిదాంక నూట పది వోల్టులు, ఒక్క ఆంపియరు. భాగిస్తే నూట పది, గుణిస్తే నూట పది. ఇప్పుడు రెండు వందల ఇరవై వోల్టులు, ఒక్క ఆంపియరు. భాగిస్తే రెండు వందల ఇరవై. గది అడ్డం. గుణిస్తే..."

అక్కడ ఆగాడు. వేళ్లు అట్లాగే మడిచి ఉన్నాయి.

"గుణిస్తే?" అంది సిస్టరమ్మ.

"రెండు వందల ఇరవయ్యే" అన్నాడు, చాలా మెల్లగా. "కాక సుత రెండు వందల ఇరవై. రెండింతలు. తప్పు నాది సిస్టరమ్మా. నెయ్యిది కాదు."

లేచి స్విచ్చి తీసేశాడు.

"సూది ఒకటే గదన్నా?" అన్నాను నేను. నాకు ఇంకా అర్థం కాలేదు.

ఆయన నా వైపు, నా పక్కన నిలబడ్డ ముసలవ్వ వైపు చూశాడు. "అవ్వా, వడ్లు దంచుతవు గద. పొద్దుగాల నిమిషానికి ఎన్ని పోట్లు ఏసినవో మాపటికి సుత గన్నే ఏసినవ్. కని మాపటికి రోకలి రెండింతల ఎత్తు లేపి ఏసినవ్. రోట్ల దెబ్బ ఒక్కటే ఉంటదా?"

"ఎట్లుంటది? నూకలైతయి" అంది ముసలవ్వ.

"గంతే. నా సూది పోట్లు లెక్కపెట్టింది. రోకలి ఎంత ఎత్తు లేచిందో చూడలే. గది చూసే సూదిని నేను షెడ్డుల ఇడిచిపెట్టి వచ్చిన."

ముసలవ్వ కంబళి అంచు వదిలేసింది. బిడ్డను వదిలేసిందని కాదు. తన తప్పు తానే చెప్పే మగమనిషిని చూడడం ఆమెకు కొత్తయినట్టుంది, ఆ వింతకే చేయి జారింది.

"మరి ఇప్పుడేం చెయ్యాలె?" అంది.

"ఊరి కరెంటు మీద పాత కాక రావాలంటే సగం ఆంపియరే పారాలె. దానికి ఇసొంటి చుట్టలు నాలుగు గావాలె. ఉన్నయి రెండే. ఈ లడాయి రోజులల్ల మిగిలిన తీగ యాడ దొరుకుతది?"

"ఒక చుట్ట తీసెయ్యి" అంది సిస్టరమ్మ.

"తీసేస్తే ఉన్నొక్కటి కాలిపోతది అంటి గద సిస్టరమ్మా."

"తార్ల నుంచి తియ్యమంటలేను అన్నా. పెట్టెల నుంచి తియ్యమంటాన. రెండు పొయ్యిలు ఒక్క గదిల ఎందుకు? ఒక్కటి బయట మండనియ్యి."

మేస్త్రన్న తన చేతులతో గాలిలో ఏదో కొలుచుకున్నాడు. ఇటు నూట పది, అటు నూట పది. రెండు చుట్టలూ ఒకే తాడులో ఉంటాయి, ఒత్తిడిని చెరి సగం పంచుకుంటాయి. పెట్టెలో ఉన్న చుట్టకు నిన్నటి ఒత్తిడే, నిన్నటి పారుదలే, నిన్నటి కాకే. మిగతా సగం కాక బయట గాలికి పోతుంది. పోతే పోనీ.

"ఖాళీ నూనె డబ్బా ఒకటి గావాలె" అన్నాడు.

డబ్బాకు బెజ్జాలు పొడిచి, ఇటుకల మీద నిలబెట్టి, రెండో చుట్టను పింగాణీ గుబ్బలతో సహా అందులో బిగించి, పెట్టెకు దూరంగా గోడవారకు పెట్టాడు. ఎవరూ ముట్టకుండా చుట్టూ పీటలు అడ్డం పెట్టాడు. పెట్టె తలుపు తీసి లోపలి వేడి పోనిచ్చాం. నేను అదే నెయ్యిని తడిగుడ్డ చుట్టి బావి గట్టున పెట్టించి మళ్లీ పేరబెట్టాను. నెయ్యి దోషం లేదని తేలింది కదా, పాపం దాన్ని ఎందుకు మార్చడం?

స్విచ్చి వేశాడు. సూది ఒకటి దగ్గర నిలిచింది. ఈసారి ఎవరూ దాని వైపు చూడలేదు. అందరమూ సీసా వైపే చూశాం. అంచులు మెత్తబడ్డాయి. పసుపు తేలింది. సగం దాకా కరిగింది. తర్వాత అట్లాగే ఉండిపోయింది, గింజ గింజగా, బద్ధకంగా. ఎంతసేపు చూసినా అట్లాగే ఉంది.

సిస్టరమ్మ నా రైకలో చేయి పెట్టి బిడ్డను తీసుకుంది. పరుపు మీద పడుకోబెట్టి, అద్దం తలుపు మూసింది. నా రొమ్ము దగ్గర ఒక్కసారిగా చలి కొట్టింది. అప్పుడు తెలిసింది నాకు, నేను దాన్ని వెచ్చబెడుతున్నానని అనుకున్నాను గానీ అది కూడా నన్ను వెచ్చబెట్టిందని.

జట్కా ఖాళీగా పోయింది. జట్కా అతను వట్టి కిరాయి పోయిందని గొణిగితే, ముసలవ్వ గేటు దాకా పోయి, "నీ గుర్రం నిలబడి ఆయాసపడ్డదా?" అని అడిగి వచ్చింది. వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది, తన పాత జాగాలోనే.

సాయంత్రం డాక్టరమ్మ బండి దిగింది. వార్డులో తార్లు, డబ్బా, పీటల కంచె చూసి నిలబడిపోయింది. సిస్టరమ్మ జరిగినది చెప్పబోయింది. మంచి పిల్ల, మేస్త్రన్న తప్పును దాటేసి, "ఇంజను చెడింది, ఊరి కరెంటుకు కలిపినం" అని ముగించేది. మేస్త్రన్న చేయి అడ్డం పెట్టాడు. "నన్ను చెప్పనియ్యుండ్రి. నేను భాగించిన, గుణించలే. గా ముసలవ్వ తొందరపెట్టకపోతే, సిస్టరమ్మ నెయ్యి చూడకపోతే, నా సూదిని నమ్మి బిడ్డను కాగబెడుదుము."

డాక్టరమ్మ పెట్టె ముందు వంగి, బిడ్డ ఊపిరి చూసి, పాదాలు ముట్టి, లేచింది. "ఇకమీదట రెండు గడియారాలూ ఈ గోడకే ఉండాలి మేస్త్రీ. ఊరి కరెంటును కొలిచే వోల్టు గడియారం హైదరాబాదు నుంచి నేను తెప్పిస్తాను. ఆయాలందరికీ రెండు లెక్కలూ నేర్పు" అని మాత్రం అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు తేలికయ్యేది.

అట్లా నేర్చుకున్నాను బిడ్డలారా ఆ చదువు. భాగిస్తే అడ్డం, గుణిస్తే కాక. తర్వాత చాలా ఏళ్లు పని చేశాను. దవాఖానకు కొత్త పెట్టెలు వచ్చాయి, గాజుపుల్లలు వచ్చాయి, ఒకటితో కాకుండా ఒకటిన్నరతో, రెండున్నరతో లెక్కలు వచ్చాయి. ఆ లెక్కలు కష్టమే గానీ వాటిలో ప్రమాదం తక్కువ. భాగించిన జవాబూ గుణించిన జవాబూ వేరువేరుగా కనబడి, మనిషిని నిలబెట్టి అడుగుతాయి. అంతా సులువుగా, ఒకే అంకెగా కనబడే చోటే కన్ను మూసుకుపోతుంది. మీరు ఏ పని చేసినా ఈ ముసలిదాని మాట ఒకటి గుర్తుంచుకోండి. అలవాటైన లెక్కను కొత్త జాగాకు తీసుకుపోయేటప్పుడు మళ్లీ మొదటి నుంచి పైకి చెప్పుకోండి. ఎవరికైనా వినిపించేలా చెప్పుకోండి. మేస్త్రన్న నోరు విప్పి చెప్పబట్టే ఆయన చెవికి తప్పు వినబడింది.

తల్లి జ్వరం తగ్గింది. మొదట పత్తి వత్తితో, తర్వాత ఉగ్గుగిన్నెతో పాలు పట్టాం. బిడ్డ బుగ్గ మీద చర్మం కొంచెం కొంచెం నిండుతూ వచ్చింది. ముసలవ్వ గోడ దగ్గర నుంచి పెట్టె వైపు జరగడం నేను చూశాను. రోజుకు కొంచెం. ఆ జరగడాన్ని ఎవరూ గమనించడం లేదని ఆమె అనుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం వార్డు సద్దుమణిగి ఉంది. ఉన్నట్టుండి పెట్టెలోంచి ఏడుపు లేచింది. పిల్లికూన మూలుగు కాదు. గోడలు అదిరేలా, కోపంగా, నిండు నెలల పిల్లలు కూడా సిగ్గుపడేలా. బాలింతలంతా లేచి కూర్చున్నారు. వెనక షెడ్డులో చీలిన ఇంజను తలకు అతుకు వేయించి బిగిస్తున్న మేస్త్రన్నకు ఆ ఏడుపు వినబడింది. చేతి నిండా నల్లటి మడ్డితో, పక్కవాకిలి తోసుకొని, చెప్పులు కూడా విడవకుండా పరుగెత్తుకొచ్చాడు. నేరుగా గోడ దగ్గరికి పోయి రెండు సూదుల ముఖాలూ చూశాడు, పెదవులతో గుణించుకున్నాడు, అయినా నమ్మకం కలగక నా వైపు తిరిగాడు.

"ఏమైంది చెల్లె? ఎక్కువైందా, తక్కువైందా?"

నేను జవాబిచ్చేలోపు ముసలవ్వ ఇచ్చింది. అప్పటికే పెట్టె ముందు నిలబడి ఉంది, అద్దానికి ముఖం ఆనించి, కళ్లారా చూస్తూ.

"ఏం కాలె కొడుకా. నా మనుమరాలికి ఆకలైతాంది."

మేస్త్రన్న వార్డు మధ్యలో నేల మీద అట్లాగే చతికిలబడ్డాడు. సిస్టరమ్మ తలుపు తీసి బిడ్డను ఎత్తింది. అందరికంటే ముందు చాచిన చేతులు ఆ ముసలవ్వవే.

ఇంతే బిడ్డలారా నా మాట. మీ ఇంటి పొయ్యి పొగ లేకుండా మండాలి, మీ ఇంటి దీపం వణకకుండా వెలగాలి. మీ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా వాడకట్టంతా వినబడేలా ఏడవాలి, ఆ ఏడుపుకు లేచి వచ్చే చేతులు మీ ఇంట్లో ఎప్పుడూ కరువు కాకూడదు. దేవుడు మీ గడపను చల్లగా, మీ పసిపిల్లల పక్కను వెచ్చగా చూచుగాక.